సుగ్గి నెలల్లో ఖాళీ బస్సు

మొన్న డిపోలో కొత్తగా చేరిన ఇద్దరు ట్రాఫిక్ సూపర్‌వైజర్లు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఒకతను ఇంజనీరింగ్ చదివాడట, ఇంకొకామె ఎంబీఏ. "సార్, జీవితమంతా ఈ పనిలోనే ఉన్నారు, మాకేమన్నా చెప్పండి" అన్నారు. టీ ఇచ్చి, జీతాలు సకాలంలో వస్తున్నాయా అని అడిగి పంపించేశాను. వాళ్ళు మెట్లు దిగుతుండగానే మా ఆవిడ "అంత దూరం నుంచి వస్తే మీరు చెప్పేది ఇదేనా?" అని దెప్పింది. ఆమె మాట నిజమే. కానీ ఈ విషయాలు నోటితో చెప్పాలంటే నాకు కోపం ముందొస్తుంది, మాట తర్వాత వస్తుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ప్రమోషన్లు, మెమోలు, బదిలీలు రాయను. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకే తీరుగా ఉంటాయి. ఒక ఊరి గురించి, ఆ ఊరికి పోయే ఒక బస్సు గురించి రాస్తాను. ఊరి పేరు నల్లదొడ్డి అనుకుందాం. అసలు పేరు వేరే.

చేసే పని ఏమిటంటే

ట్రాఫిక్ వాడంటే రోడ్డు మీద విజిల్ ఊదేవాడు అనుకుంటారు బయటివాళ్ళు. మా పెళ్ళిచూపుల్లో మామగారు కూడా అలాగే అనుకుని, పోలీసు ఉద్యోగమా అని సంబరపడ్డాడు పాపం. మా పని ఏ ఊరికి ఏ బస్సు, ఏ వేళకు, ఎన్ని ట్రిప్పులు అని తేల్చడం. దానికి ఆధారం ఒక లెక్క. బస్సులో సీట్లెన్ని, వాటిలో నిండినవెన్ని అనేది చూస్తాం. దాన్ని మేము ఓ.ఆర్. అంటాం. ఓ.ఆర్. బాగుంటే బస్సు ఉంటుంది. పడిపోతే సర్వే వేస్తాం. సర్వేలో కూడా పడిపోతే బస్సు తీసేస్తాం. వినడానికి ఇంత సులువు.

నాకు పని నేర్పిన మొదటి డిపో మేనేజరు పెద్దగా చదువుకున్నవాడు కాదు, నోరు కూడా మంచిది కాదు. కానీ ఏ బస్సు గురించైనా కాగితం తీసుకుపోతే "ఎక్కినావా?" అని అడిగేవాడు. ఎక్కలేదంటే కాగితం ముఖాన కొట్టేవాడు. ఒకసారి పత్తికొండ వైపు పల్లెల బస్సుల్లో టమోటా గంపలు ఎక్కించుకోవద్దని నేను రాసి తీసుకుపోయాను. సీట్లు చెడిపోతున్నాయని, ప్రయాణికులు తిడుతున్నారని నా వాదన. మరునాడు తెల్లవారుజామున నన్నే ఆ బస్సెక్కించాడు. బస్సులో ఉన్నదంతా గంపల ఆడవాళ్ళే. గంపలు వద్దంటే ఆ బస్సుకు ప్రయాణికులే లేరు. తిరిగొచ్చి కాగితం నేనే చించేశాను. ఆయన నవ్వను కూడా నవ్వలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు మైదుకూరు రోడ్డు మీద పని చేశాను. కడప, కర్నూలు బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, జనం తోసుకుంటూ ఎక్కుతుంటారు. ఆ రోడ్డు మీద పని చేసినవాడికి బస్సుకు జనం దొరకడం ఒక సమస్య అనే సంగతే తెలియదు. రిటైర్మెంటు దగ్గర పడ్డాక నన్ను పడమటి కర్నూలులో ఒక డిపోకు వేశారు. అక్కడే అసలు ఉద్యోగం మొదలైంది.

యా నెల్లో సార్?

నల్లదొడ్డి కోసిగి వైపు ఊరు. నల్లరేగడి కొంచెం, రాళ్ళు ఎక్కువ. బోర్లు వేస్తే దుమ్ము వస్తుంది. ఊళ్ళో సగానికి పైగా క్రైస్తవ కుటుంబాలు, తాతల కాలం నాటి రాతి చర్చి ఉంది. సాయంత్రం మా బస్సు ఆ ఊరికి పోయి, రాత్రి అక్కడే నిలిచి, పొద్దున్నే కోసిగి మీదుగా ఆదోనికి వచ్చేది. దాన్ని నైట్‌హాల్ట్ బస్సు అంటాం. డ్రైవరూ కండక్టరూ చర్చి వరండాలో పడుకునేవాళ్ళు. వాళ్ళకు అన్నం పెట్టడం ఊళ్ళో ఇంటింటికీ వంతు. ఏ ఇంటివాళ్ళయినా ఊరు విడిచి పోవాల్సి వస్తే, తమ వంతు పక్కింటి ముసలమ్మకు అప్పజెప్పి మరీ పోయేవాళ్ళు. ఆ దారిలో శానా ఏళ్ళు బండి నడిపిన డ్రైవర్ ఖాసిం నాతో అనేవాడు, "మా ఇంట్లో నన్ను అడగరు సార్ తిన్నావా అని. ఈడ అడుగుతారు."

నేను మొదటిసారి ఆ ఊరికి పోయినప్పుడు చర్చి అయ్యగారు ఇశ్రాయేలు అనే పెద్దాయన ఎదురొచ్చాడు. తెల్లటి గడ్డం, మాసిన చొక్కా, చేతిలో పాత టీవీఎస్ తాళం. నేను అలవాటు ప్రకారం "అయ్యగారూ, ఊరి జనాభా ఎంత?" అని అడిగాను.

ఆయన నా మొహం చూసి "యా నెల్లో సార్?" అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కాదు. దసరా పోయిందంటే ఆ ఊళ్ళో కాళ్ళూ చేతులూ ఆడే ప్రతి మనిషీ సుగ్గికి పోతాడు. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం. ఈ ఊళ్ళల్లో మాత్రం ఆ మాటకు వలస అనే అర్థం. పత్తి తీయడానికి తెలంగాణకు, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, ఇటుక బట్టీలకు బెంగళూరు వైపు. కూలీలను కుదుర్చుకునే మేస్త్రి వ్యాను ఊళ్ళోకే వస్తుంది, వాకిలి ముందరే ఎక్కించుకుంటుంది. ఎదురుగా మా బస్సు నిలబడి ఉంటుంది, ఊరు ఊరంతా వ్యానెక్కి పోతుంది. మిగిలేది ముసలివాళ్ళు, బడి పిల్లలు, కుక్కలు. ఉగాది ముందర మళ్ళీ వస్తారు. నడుమ క్రిస్మస్‌కు ఒక వారం వచ్చిపోతారు.

అందువల్ల ఆ ఊరికి రెండు జనాభాలు. కాగితాల్లో ఉండేది ఒకటే.

దేవదానం

సుగ్గికి పోని కుటుంబం ఒకటుంది. దేవదానం, అతని భార్య రూతమ్మ. ఒకప్పుడు మిరప తోటల్లో దేవదానం కోసినంత వేగంగా ఎవరూ కోయలేరట. నేను చూసేనాటికి అతని రెండు కిడ్నీలూ పోయాయి. నలభై దాటాయో లేదో, మొహం ఉబ్బి, చేతి మీద సూదుల గుర్తులతో అరవై ఏళ్ళవాడిలా ఉండేవాడు. వారానికి రెండుసార్లు ఆదోనికి పోయి రక్తం శుభ్రం చేయించుకోవాలి. పొద్దున మా బస్సులో పోయేవాడు, సాయంత్రం అదే బస్సులో తిరిగొచ్చేవాడు. అతను ఎక్కేరోజు ఖాసిం డోరు పక్క సీటు ఖాళీగా ఉంచేవాడు, గుంతలు తప్పించి నడిపేవాడు. పిల్లలిద్దరూ హాస్టల్లో చదువుకుంటున్నారు. భర్త కోసం రూతమ్మ ఊళ్ళోనే ఉండిపోయింది.

ఒకరోజు బస్సులో అతని పక్కన కూర్చున్నాను. సరదా మనిషి. "సార్, మా ఊర్లో రెండు పూటలా బండెక్కేది నేనొక్కన్నే. మీ సంస్థకు నేను పెద్ద గిరాకీ" అన్నాడు. నేను నవ్వాను. అతనూ నవ్వబోయి ఆయాసపడ్డాడు.

అతని ప్రాణం మా బస్సు చక్రాల మీద ఉందని ఆ రోజే నాకు అర్థమైంది. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. డయాలసిస్ వాయిదాలు రెండు తప్పితే ఒంట్లో నీరు నిండి ఊపిరి అందదని డాక్టర్లు చెప్పారు.

పండగ లోడు

ఆ ఏడు కొత్త డిపో మేనేజరు వచ్చాడు. ఆయనను చెడ్డవాడని రాయడానికి నాకు మనసొప్పదు. లంచం ముట్టడు, వేళకు ముందే వస్తాడు, మెకానిక్‌తో కూడా "మీరు" అని మాట్లాడతాడు. పై నుంచి ఆయనకు ఒత్తిడి ఉంది, నష్టాల బస్సులు తగ్గించమని. నల్లదొడ్డి బస్సు ఆ వరుసలో మొదటే ఉంది. నన్ను సర్వేకు పంపాడు.

కార్తీక మాసం. మేస్త్రి వ్యాన్లు పోయి చాలా రోజులైంది. పొద్దున్నే బస్సులో దేవదానం, రూతమ్మ, మందులకు పోయే ఇద్దరు ముసలివాళ్ళు, ఒక మేకపిల్ల. నేను ఉన్నది ఉన్నట్టే రాశాను. కింద మాత్రం ఒక ముక్క కలిపాను: ఊరు వలసలో ఉంది, జనం ఉన్న కాలంలో మళ్ళీ సర్వే చేయాలి, ఊళ్ళో డయాలసిస్ రోగి ఉన్నాడు.

మేనేజరు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రోగి సంగతి కష్టమే. కానీ ఓ.ఆర్. పట్టికలో రోగి అనే గడి లేదు కదా" అన్నాడు. వెటకారంగా అనలేదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాక ఇంకొక సర్వేకు ఒప్పుకున్నాడు.

ఈ మాట ఊళ్ళో తెలిసింది. అయ్యగారు చర్చిలో చెప్పాడు, ఉన్నవాళ్ళు ఫోన్లలో సుగ్గి వాళ్ళకు చెప్పారు. క్రిస్మస్‌కు ఎలాగూ వస్తారు, ఆ వారం లెక్క పెట్టమని నన్ను అడిగారు. నేనూ సరేనన్నాను. ఉగాది దాకా మేనేజరు ఆగడు, ఈలోపల ఊరు నిండుగా ఉండే వారం అదొక్కటే కదా.

ఆ వారం జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. జనం కూలి పోగొట్టుకుని ముందే వచ్చేశారు. రోజూ పొద్దున్నే కొత్త బట్టలు కట్టుకుని, తలకు నూనె పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని బస్సెక్కారు. కోసిగిలో దిగి, స్టాండులో సాయంత్రం దాకా కూర్చుని, బొరుగులు తిని, మళ్ళీ అదే బస్సులో వచ్చారు. పనేమీ లేదు. బస్సు నింపడమే పని. నడవలేని ఒక అవ్వను మనవడు ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆమెకు కిటికీ సీటు దొరికింది. "నేనూ ఒక తల గదప్పా, రాసుకో" అంది నాతో. దేవదానం ఆ వారమంతా నిలబడే ప్రయాణం చేస్తానన్నాడు, ఎవరూ ఒప్పుకోలేదు. అతను ఊళ్ళో వాళ్ళ వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. కళ్ళనిండా నీళ్ళు.

ఆ లెక్క పట్టుకుని పొంగిపోతూ డిపోకు వచ్చాను. సీట్లు నిండి, నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు.

మేనేజరు తేదీలు చూశాడు. "ఇది పండగ లోడు. పండగ రోజులు లెక్కలోకి రావు. రూలు మీకు తెలుసు కదా" అన్నాడు.

తెలుసు. ఆ రూలు మంచిదే. సంక్రాంతి రద్దీ చూసి మామూలు రోజులకు బస్సులు వేస్తే సంస్థ మునుగుతుంది. అందుకే పండగలను తీసేసి లెక్క కట్టమన్నారు. రూలు రాసినవాడికి, సగం ఏడాది పండగకు తప్ప మనుషులు సొంత ఊళ్ళో ఉండలేని ఊరు ఒకటుంటుందని తెలియదు, అంతే. జనం లేని రోజులను మామూలు రోజులన్నారు, జనం ఉన్న రోజులను పండగన్నారు. నేను అబద్ధం రాయలేదు, మేనేజరు అబద్ధం చెప్పలేదు. కొత్త సంవత్సరంలో బస్సు తీసేశారు.

పిల్లలూ, ఒక్క మాట. ఖాళీ బస్సు కనబడితే లెక్క రాసే ముందు దిగి ఊళ్ళోకి నడవండి. తలుపులకు తాళాలున్నాయా, బయట పశువులున్నాయా, బావి దగ్గర పడుచువాళ్ళున్నారా చూడండి. అదేమీ పెద్ద విద్య కాదు. మన ఉద్యోగంలో ఎవరూ చేయరు, అంతే. ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సులో ఉచితం. మంచిదే, బస్సు పోయే ఊళ్ళకు.

తాళాలు వేసిన బండ్లు

నల్లదొడ్డిలో బండ్లు లేవా అని మా మేనేజరు అడిగాడు. ఎందుకు లేవు? మోటారు సైకిళ్ళు ఇంటికొకటి ఉన్నాయి, రెండు ఆటోలు కూడా ఉన్నాయి. అన్నీ గోనెపట్టాలు కప్పుకుని వాకిళ్ళలో నిలబడి ఉన్నాయి. నడిపేవాళ్ళు మిరప తోటల్లో ఉన్నారు. ఊరికి వాహనాలెన్ని అంటే ఒక లెక్క, సుగ్గి నెలల్లో కదిలేవెన్ని అంటే ఇంకొక లెక్క.

మొదట్లో అయ్యగారే తన టీవీఎస్ మీద దేవదానాన్ని కోసిగి దాకా తెచ్చి ఆదోని బస్సెక్కించేవాడు. డెబ్బై దాటిన మనిషి. ఒకనాడు ఇద్దరూ కంకర మీద పడ్డారు. అయ్యగారి మణికట్టు విరిగింది. ఆ తర్వాత పక్క ఊరి ఆటో అతనిని బతిమాలుకున్నారు. అతను వేరే గిరాకీ ఉంటే రాడు, లేకుంటే వస్తాడు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, అది ఆపదకు వస్తుంది గానీ వారానికి రెండుసార్లు ఊరికే తీసుకుపోదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

మార్చిలో ఒక వాయిదా తప్పింది. తర్వాతది కూడా తప్పింది. ఆ మరుసటి రోజు వస్తానని ఆటో అతను మాటిచ్చాడు. పొద్దున్నే రూతమ్మ అతన్ని నడిపించుకొచ్చి చర్చి వరండాలో కూర్చోబెట్టింది. పడుకుంటే ఊపిరాడక అతను రాత్రంతా కూర్చునే ఉన్నాడట. ఎండెక్కింది. ఆటో రాలేదు. ఇక లాభం లేదని అంబులెన్సుకు ఫోన్ చేశారు. అది బయల్దేరి వస్తుండగానే దేవదానం గోడకానుకుని అలాగే పోయాడు.

అయ్యగారు నాకు ఫోన్ చేసి, "సార్, మన దేవదానం ప్రభువు దగ్గరికి పోయినాడు" అని మాత్రం అన్నాడు. "మీ బస్సు" అనే మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేది.

ఖాసింకు ఆ రోజు వీక్లీ ఆఫ్. ఇద్దరం అతని బండి మీద పోయాం. దేవదానం అన్నదమ్ములు గుంటూరు దాటి ఎక్కడో ఉన్నారు, పిల్లలు దూరంగా హాస్టల్లో ఉన్నారు, అందరూ వచ్చేసరికి మరునాడవుతుంది. ఎండ మండిపోతోంది, శవాన్ని ఉంచలేని స్థితి. సాయంత్రానికి పెట్టె సిద్ధమైంది గానీ మోసేవాళ్ళు లేరు. ఊళ్ళో మగవాళ్ళు అంటే కర్ర పట్టుకుని నడిచేవాళ్ళే. అయ్యగారి చేతికి పట్టీ ఉంది.

ముందు వైపు నేనూ ఖాసిమూ పట్టుకున్నాం. వెనక వైపు ఎవరని చూస్తుంటే రూతమ్మ కొంగు నడుముకు దోపుకుని వచ్చి పెట్టె కింద భుజం పెట్టింది. "నీవొద్దమ్మా" అని ఒక ముసలాయన అడ్డం వచ్చాడు.

"ఇంగెవురుండారు తాతా? నువ్వు మోస్తావా?" అంది ఆమె. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

రెండో పక్కన ఆమె అత్త పట్టుకుంది. కొడుకు పెట్టె. సమాధుల తోట ఊరికి దూరమేమీ కాదు, కానీ మూడుసార్లు దించి మళ్ళీ ఎత్తుకున్నాం. ఎవరూ పాట ఎత్తుకోలేదు, అయ్యగారొక్కడే వాక్యం చదువుతూ ముందు నడిచాడు. నా సర్వీసు మొత్తంలో ప్రమాదాలు చూశాను, శవాలను బస్సులోంచి దించాను. ఆ సాయంత్రం ఏడ్చినట్టు ఎప్పుడూ ఏడవలేదు. ఖాసిం నమాజు చదువుకున్నట్టు పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

మళ్ళీ వేసిన బస్సు

మనిషి పోయాక కాగితాలు కదులుతాయి. ఎవరో పేపర్లో రాశారు, ఎవరో నాయకుడు వచ్చి రూతమ్మ పక్కన నిలబడి ఫోటో దిగాడు. పై నుంచి మా మేనేజరుకు ఫోను వచ్చింది. పట్టికలో ఇన్నాళ్ళూ దొరకని గడి ఒక్క పూటలో దొరికింది. నల్లదొడ్డి బస్సును మళ్ళీ వేశారు. మేనేజరు నన్ను పిలిచి, "మొదటి ట్రిప్పులో మీరే పోండి" అన్నాడు. ఆయన మొహం పాలిపోయి ఉంది. అనాలనుకున్నవన్నీ ఆ పాటికి నాలో నేనే అనేసుకున్నాను.

సాయంత్రం పోయి, పొద్దున్నే బయల్దేరడానికి బస్సు చర్చి ముందర నిలబెట్టుకున్నాం. ఖాసిమే డ్రైవరు. బస్సుకు ఎవరో మామిడాకులు కట్టారు. ఎదురుగా మేస్త్రి వ్యాను కూడా నిలబడి ఉంది. మిరప కోతలు ఇంకా అయిపోలేదు. చివరి కోతకు మనుషులు చాలలేదని మేస్త్రి మిగిలినవాళ్ళ కోసం వచ్చాడు. మిగిలినవాళ్ళంటే ఒక్క మనిషి.

రూతమ్మ చిన్న మూటతో వచ్చింది. వెనక అత్త వాకిట్లో నిలబడి ఉంది. నేను బస్సు దిగి ఎదురుగా పోయాను.

"సుగ్గికా అమ్మా?"

"ఊ సార్. పోతాండా. ఈడుండి ఏం జెయ్యల్ల?"

"బస్సు వచ్చింది" అన్నాను. కళ్ళెదుట ఉన్న బస్సు గురించి అలా చెప్పడం ఎంత తెలివితక్కువతనమో అన్నాక తెలిసింది.

ఆమె బస్సు వైపు చూసింది. డోరు పక్క సీటు వైపే చూసిందని నాకు అనిపించింది. ఖాసిం తల దించుకుని స్టీరింగ్ తుడుస్తున్నాడు.

"కోసిగి దాకన్నా దీంట్లో రామ్మా" అన్నాను.

"వద్దులే సార్. ఆయప్ప బతికినప్పుడు రాకపాయె. ఇప్పుడొస్తే నేనెక్కి యాడికి పోవల్ల?"

కోపంగా అనలేదు. అన్నం వద్దన్నట్టు అంది. మూట వ్యానులో వేసి, తనూ ఎక్కి కూర్చుంది. వ్యాను పోయింది. మేము టైమయ్యేదాకా ఆగి, హారన్ కొట్టి, ఎవరూ రాకపోయేసరికి బయల్దేరాం.